ఆపరేషన్ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు

భూమి విదియ

మేనత్త ఇవాళ నామీద అలిగింది. తుడిచేటప్పుడు మూడో చేతికంటే ముందు నాలుగో చెయ్యి తుడిచానట. "వరుస తప్పింది డాక్టర్ వకుళా, మళ్ళీ మొదటినుంచి తుడవండి" అంది. తుడిచాను. ఏం చేస్తాం, ఆకాశంలో భూమి పెరగడం తరగడం చూసి తిథులు లెక్కపెట్టుకునే ఈ చందమామ ఊళ్ళో, నీడపాడు ఆసుపత్రి మొత్తానికి ఆపరేషన్ చేసే రోబో అదొక్కటే. నాలుగు చేతులు. మణికట్టు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని వేళ్ళు కదిపితే అది రోగి కడుపులో కదుపుతుంది, నా చెయ్యి వణికినా దాని చెయ్యి వణకదు. పని మహా సున్నితం, నోరే ఊరుకోదు. అందుకే ఊరంతా దాన్ని మేనత్త అంటారు.

తుడవడం అయ్యేసరికి స్వరూప వచ్చింది. ఊళ్ళో బరువు చక్రం నడిపేది ఈవిడే. చందమామ మీద మనిషి తూకం భూమి మీది తూకంలో ఆరో వంతే గదా, ఎముకలు గుల్లబారకుండా ప్రతివాళ్ళూ రోజూ కాసేపు చక్రంలో కూర్చోవాల్సిందే. చక్రమంటే పొడుగాటి దూలం, ఈ చివరొక గది, ఆ చివరొక గది. దూలం గిర్రున తిరుగుతుంటే గదుల్లో కూర్చున్నవాళ్ళకి బరువొస్తుంది. రెండు గదులూ సమానంగా తూగాలి కాబట్టి ఎవరు ఎటు ఎక్కాలో స్వరూపే చెబుతుంది. "డాక్టరమ్మా, నువ్వు ఒళ్ళు చేసినవ్, అటు దిక్కు పో" అని నలుగురిలో అనేసిన ఘనురాలు.

ఇవాళ ఆ నోరు లేదు. మొహం పాలిపోయి ఉంది. భర్త కొమురయ్య పట్టుకుని నడిపించుకొచ్చాడు. మంచు గనిలో పనిచేస్తాడు, మనిషి కొండలా ఉంటాడు, మాట మాత్రం పైకి రాదు.

స్కాన్ తీశాను. గర్భసంచి గోడలో బత్తాయంత గడ్డ, దాని పక్కన రేగుపళ్ళంత రెండు. క్యాన్సర్ కాదు. చాలామంది ఆడవాళ్ళకి ఉండేవే, వాటి మానాన అవి పడుంటే ఎవరూ పట్టించుకోరు. ఇవి పడుండటం లేదు. నెలనెలా రక్తం వరదై పోతోంది, మందులకు లొంగలేదు, భూమికి పంపుదామంటే ఇంత తక్కువ రక్తంతో రాకెట్ కుదుపుకి తట్టుకోలేదు.

కబురు ఊరిపెద్ద అప్పలస్వామి గారికి అందింది. ఆయన ఆయాసపడుతూ వచ్చారు. ఊళ్ళో అందరికంటే బరువైన మనిషి, మనసు వెన్న.

"ఏటమ్మా ఆలోసన? పెద్ద కోత కోసి సంచీ తీసీండి. మనిసి దక్కితే సాలు."

"సంచి తియ్యొద్దు," అంది స్వరూప. పడుకున్నదల్లా మోచేతి మీద లేచింది. "గడ్డలు తియ్యిండ్రి. సంచి ఉంచుండ్రి. నాకు బిడ్డ గావాలె. పుడుతదో పుట్టదో తర్వాతి ముచ్చట."

కొమురయ్య వైపు చూశాను. "ఆమె ఏమంటే గదే," అన్నాడు.

మేనత్తతో చేద్దామన్నాను. కడుపు మీద చిన్న చిన్న రంధ్రాలు, గడ్డలు ఒలిచి తీయడం, గోడ పొరలు పొరలుగా కుట్టడం. భూమి మీద ఎన్నోసార్లు చేసినదే. చందమామ మీద ఇదే మొదటిది! నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఇక్కడ ఎవరికీ నిలవదనుకోండి, కానీ నాది వేరు.

భూమి పంచమి

కుదరలేదు. ఒళ్ళు మండిపోతోంది, అయినా రాస్తాను.

కడుపులోకి గాలి నింపాం, కెమెరా పెట్టాం. ఇక బల్లని తలవైపు కిందికి వంచితే పేగులు వాటంతటవే ఛాతీ వైపు జారి గర్భసంచి కనబడాలి. నేను చదువుకున్నదీ, చేసినదీ అదే. వంచాను. పేగులు కదల్లేదు. ఇంకా వంచాను. స్వరూప జారకుండా కొమురయ్యని పిలిచి పట్టుకోమనాల్సొచ్చింది, పేగులు మాత్రం పండక్కి దిగిన చుట్టాల్లా అక్కడే కూర్చున్నాయి. ఇక్కడ వాటికి జారేంత బరువెక్కడిది? మేనత్త ఒక చేత్తో అటు నెడితే ఇటునుంచి వచ్చాయి, ఇటు నెడితే పైనుంచి వచ్చాయి. ఇక్కడ ఇంతకుముందు అపెండిక్సులూ పిత్తాశయాలూ తీశాం, అవి పేగుల అడుగున దాక్కునే సరుకు కాదు, ఈ బాధ తెలియలేదు.

"కనిపించని చోట కోయను," అంది మేనత్త. ఆ ఒక్క మాటకి దాన్ని మెచ్చుకున్నాను. రంధ్రాలు మూసేశాం.

మత్తు డాక్టరు ఫజల్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "అక్కా, పెద్ద కోత కోసినా రక్తం ఎక్కువ పోద్ది. మన దగ్గర ఎక్కించడానికి నిల్వ అంతగా లేదు. సంచి తీసేయడమొక్కటే త్వరగా అయ్యే పని," అన్నాడు. గుంటూరు మనిషి, అబద్ధం చెప్పడు, అదే వచ్చిన చిక్కు.

భూమి షష్ఠి

దొరికింది! దొరికింది, దొరికింది!

ఇవాళ చక్రంలో బంతి భోజనం. వారానికోసారి ఊరంతా చక్రంలో భోంచేస్తాం, ఎందుకంటే పప్పుచారు చారులా పారేది అక్కడే. బయట గరిటెతో పోస్తే మెల్లగా దిగి, విస్తరికి తగలగానే ఎగిరి మొహం మీద పడుతుంది. బంతికి ఒక కట్టుబాటుంది. కూర్చున్నాక మధ్యలో ఎవరూ లేవకూడదు. అప్పలస్వామి గారు లేస్తే అందరూ ఒక్కసారే లేవాలి. ఇది మర్యాద కోసం మొదలైంది కాదు, తూకం కోసం మొదలైంది. ఆయనొక్కరూ లేచి మిగతావాళ్ళు కూర్చుంటే గది వంకరపోతుంది. రెండు గదులకీ మైకు ఉంది, ఇక్కడ ఆయన లేస్తే అక్కడివాళ్ళూ లేస్తారు. ఇప్పుడది ఒంట్లో పట్టేసింది. ఆయన మా ఇంటికొచ్చి కుర్చీలోంచి లేచినా నేను లేస్తాను.

సరే, నా ఎదురుగా ఆయన అన్నంలో గుంట చేసి చారు పోసుకున్నారు. గట్టు తెగింది. చారు విస్తరి మీదుగా పల్లానికి చకచకా పారి నా వైపు వచ్చింది. నేను చూస్తూ ఉండిపోయాను. పల్లానికి పారింది! ఇక్కడ పల్లం ఉంది!

లేవబోయాను. అవతలి గదిలోంచి, నీరసంతో గోడకి ఆనుకుని కూర్చున్న స్వరూప మైకులో అరిచింది. "కూసో డాక్టరమ్మా! చక్రం ఇరుగుతది!"

కూర్చున్నాను. కూర్చునే మైకులో చెప్పాను. ఆపరేషన్ ఇక్కడ, ఈ గదిలో, చక్రం తిరుగుతుండగా చేస్తాం. పేగులు జారతాయి.

 అవతలి గదిలోంచి స్వరూప నవ్వు వినబడింది. ఎన్నాళ్ళకి విన్నానో.

భూమి అష్టమి

ఇవాళ మేనత్తని చక్రంలోకి మోసుకెళ్ళాం. బయట నలుగురం తేలిగ్గా ఎత్తాం, పెళ్ళి పల్లకీలా. గదిలో బిగించి చక్రం తిప్పాం. మేనత్త కళ్ళు తెరిచింది, మూసింది, తెరిచింది.

"నేల నిలకడగా లేదు. ఆపరేషన్ మొదలుపెట్టలేను."

నేల తిరుగుతోంది, కానీ నిలకడగానే తిరుగుతోంది, నువ్వు మొదలుపెట్టు అని బతిమాలాను. భూమికి కబురు పెట్టాను. దాన్ని తయారుచేసినవాళ్ళు, తిరిగే నేల గురించి దానికి నేర్పడానికి చాలా నెలలు పడుతుందని జవాబిచ్చారు. అన్ని నెలలు స్వరూప దగ్గర లేవు. మళ్ళీ దించాం.

సిస్టర్ ఎస్తేరు అప్పుడు అంది, "డాక్టరు గారూ, అత్యవసరం పెట్టెలో చువ్వలున్నాయి కదండీ?"

ఉన్నాయి. లాప్రోస్కోపీ చువ్వలు. పొడుగాటి కడ్డీ, ఈ చివర కత్తెర పిడి, ఆ చివర చిన్న కొరుకుడు నోరు. మణికట్టు లేదు, మాట లేదు, తిరిగే నేల అంటే భయం లేదు. మనిషి చేత్తో పట్టుకుని చేయాలి. చదువుకునే రోజుల్లో పట్టుకున్నాను, ఆ తర్వాత అంతా మేనత్తే. పెట్టెకి వేసిన సీలు నేనే చించాను. కొత్త గిన్నెలు కొన్నంత సంబరం వేసింది, కాసేపటికి చెమటలు పట్టాయి.

ఎందుకంటే బిస్కెట్ల డబ్బాకి రంధ్రాలు చేసి, లోపల వంకాయ పెట్టి కుట్టి చూశాను. చువ్వ రంధ్రంలోంచి పోతుంది కాబట్టి నా చెయ్యి కుడికి పోతే దాని మూతి ఎడమకి పోతుంది. చెయ్యి పైకెత్తితే అది కిందికి దిగుతుంది. ఇన్నేళ్ళూ ఈ తిరకాసంతా మేనత్త తనలో తాను సరిచేసి నాకు తెలియనివ్వలేదన్నమాట. వంకాయ నాశనమైంది. ఎస్తేరు దాన్ని కూరలో వేసింది.

భూమి ఏకాదశి

వంకాయలు అయిపోయాయి, దోసకాయలు నడుస్తున్నాయి. పంట గది వాళ్ళు నన్ను చూస్తే బుట్ట దాస్తున్నారు. కానీ కుట్టు పడుతోంది! నిన్న వేసిన ముడి లాగి చూస్తే ఊడలేదు. చక్రంలో కూడా సాధన చేస్తున్నాను. అక్కడ జారిన సూది కాళ్ళ దగ్గర పడదు, పక్కకి పడుతుంది. తల గబుక్కున తిప్పితే గదంతా దొర్లినట్టుంటుంది. కెమెరా పట్టుకోవాల్సింది ఎస్తేరు. మేనత్త అయితే తన కెమెరా తనే పట్టుకునేది, ఆవులించేది కాదు.

ఇంకొకటి కనిపెట్టాను. దోసకాయలో గింజల గుజ్జు ఎక్కడ మెత్తగా ఉందో, గట్టి తోలు ఎక్కడ మొదలైందో చువ్వ నా వేళ్ళకి చెబుతోంది. చూడకుండానే తెలుస్తోంది. మేనత్త కుర్చీలో ఇది ఎప్పుడూ లేదు, అక్కడ కళ్ళతోనే ఊహించుకోవాలి. ఈ సంగతి కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. అప్పలస్వామి గారికి రెండుసార్లు చెప్పాను.

చక్రం తూకం సంగతి స్వరూపే చూసింది, పడుకునే. ఈ చివర గదిలో బల్ల, మత్తు యంత్రం, స్వరూపతో కలిపి మేము నలుగురం. ఆ చివర గదిలో దానికి సరిపడా బరువుండాలి. నీళ్ళ తొట్లు పెడదామన్నాను.

"నీళ్ళు ఊగుతయి డాక్టరమ్మా. మనుషులైతే, చెప్తే కదలకుండ కూసుంటరు. బంతి కూసోబెట్టుండ్రి."

ఊరంతా వస్తామన్నారు. చక్రం మీట దగ్గర కొమురయ్య ఉంటాడు, స్వరూప రోజూ అతనికి నేర్పుతోంది. ఊరికే కూర్చోలేమని, ఆపరేషన్ కనబడేలా ఒక తెర పెట్టించమని అప్పలస్వామి గారు అడిగారు. స్వరూపని అడిగాను. "చూడనీ. చూస్తె కదలకుండ ఉంటరు," అంది.

రక్తం మళ్ళీ తగ్గింది. ఇంక ఆగకూడదు. కొమురయ్య, ఎస్తేరు, ఇంకొందరు రక్తం ఇచ్చారు. స్వరూప నా చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగింది.

"నా పానం మీదికొస్తె సంచి తీసెయ్యి. గని ఆ మాట నువ్వు అనుకోవాలె. ఎవ్వరో అన్నరని తియ్యొద్దు."

సరేనన్నాను.

భూమి పున్నమి

మేనత్త మేలా, చువ్వలు మేలా, ఒక పేజీలో తేల్చి రాయమని భూమి నుంచి మేనత్తని తయారుచేసినవాళ్ళు అడుగుతున్నారు. ఒక పేజీలో ఎలా తేలుతుంది? జరిగింది రాస్తాను, తేల్చుకోండి.

చక్రం తిరిగింది. అవతల బంతి కూర్చుంది. ఫజల్ మత్తిచ్చాడు. గాలి నింపాం, కెమెరా పోయింది, బల్ల వంచాను. పేగులు జారాయి! చారులాగే, చకచకా, ఛాతీ వైపు! గర్భసంచి ఎదురుగా వచ్చి నిలబడింది, బత్తాయి గడ్డ ఒక పక్క ఉబ్బుకొని. మైకులోంచి ఊరంతా చప్పట్లు కొట్టారు. కూర్చునే కొట్టారు.

రక్తనాళాలు బిగిసే మందు ఎక్కించాను. గోడ చీరాను, గడ్డలో మరమేకులాంటి కడ్డీ తిప్పి దించి లాగుతూ చుట్టూ ఒలిచాను. ఎక్కడ గడ్డ అయిపోయి మంచి గోడ మొదలవుతోందో చువ్వ చెబుతూనే ఉంది. రేగుపళ్ళు ముందు వచ్చాయి. తర్వాత బత్తాయి కదిలింది, తిరిగింది, ఊడి వచ్చేసింది. తెల్లగా, నున్నగా, చేత్తో చెక్కినట్టుంది.

వెంటనే గోడ కుట్టడానికి సూది దించుతున్నాను, "వచ్చీసింది!" అని మైకులో అరుపు. అప్పలస్వామి గారు పట్టలేని సంతోషంతో లేచి నిలబడ్డారు.

ఆయన లేస్తే అందరూ లేవాలి గదా. లేచారు. బంతి బంతంతా ఒక్కసారే.

ఇటు మా గదిలో లేచేవాళ్ళు లేరు, అటు అంతమంది బరువు ఒక్కసారే పైకి లేచేసరికి తూకం పోయింది. గది విసిరినట్టు ఊగింది. నా సూది అప్పుడే గోడలో సగం దిగి ఉంది, అది గోడని చీల్చుకుంటూ వచ్చేసింది. చీలిక అడుగున ఒక నాళం తెగి రక్తం చిమ్మింది. ఊగితే వేగం తగ్గించుకోవడం చక్రం అలవాటు, దానంతట అదే నెమ్మదించింది. బరువు పోయింది. పేగులు లేచి తిరిగొచ్చి ఆ రక్తాన్నీ గాయాన్నీ అన్నిటినీ కప్పేశాయి. తెర మీద ఎరుపు తప్ప ఏమీ లేదు.

 నా చెయ్యి ఆగలేదు. తెగిన చోటు ఎక్కడుందో నాకు గుర్తుంది. పేగుల కింద నుంచి చువ్వ పోనిచ్చాను. మెత్తగా తగిలింది పేగు, వదిలేశాను. గట్టిగా తగిలింది గోడ, దాని అంచు పట్టుకుని దిగాను. అక్కడ, చువ్వ మూతి దగ్గర, టకటకమని నాడి నా వేలికి కొట్టుకుంది. మూతి బిగించాను. నాడి ఆగింది. దొరికిందన్నమాట. ఇక వదల్లేదు.

మైకులో గోల. "కూసోండ్రి! అందరు కూసోండ్రి!" అని ఎవరో గర్జిస్తున్నారు. కొమురయ్య! ఆ మనిషికి అంత గొంతుందని నాకు తెలీదు. "పెద్దయ్యా, నువ్వు కూసో! నువ్వు కూసుంటెనే కూసుంటరు!"

అప్పలస్వామి గారు కూలబడ్డారు. అందరూ కూర్చున్నారు. ఆయన ఏడుపు మైకులో వినబడుతోంది. "నా మూలానే, నా మూలానే... డాక్టరమ్మా, తీసీండి! సంచీ తీసీండి! పిల్ల బతకాల!"

ఫజల్ నా వైపు తల తిప్పకుండా, "బీపీ పడిపోతోందక్కా. రక్తం ఎక్కిస్తున్నా. తీసేద్దామా?" అన్నాడు.

తీసేయడం తేలిక. ఎవరూ నన్ను తప్పు పట్టరు. అందరూ అదే అంటున్నారు, అందుకే ఆగాను. ఎవ్వరో అన్నరని తియ్యొద్దు అంది గదా ఆ పిల్ల. నన్ను నేను అడిగాను. నాళం నా చేతిలో ఉందా? ఉంది. రక్తం ఆగిందా? ఆగింది. గోడ మిగిలిందా? మిగిలింది.

"తియ్యను," అన్నాను. "కొమురయ్యా, నాకు బరువు కావాలి."

చక్రం మెల్లగా వేగం అందుకుంది. పేగులు జారాయి. ఎరుపు పల్లానికి పోయింది, పీల్చేశాం. నా చువ్వ కరెక్టుగా నాళం మీదే ఉంది. ఫజల్ మొదటిసారి తలెత్తి చూశాడు. "ఇప్పుడు పడటం లేదు. కుట్టక్కా," అన్నాడు.

ఇక కుట్టడం. చీలిక గోడ వెనకవైపుకి తిరిగి ఉంది. మణికట్టు లేని తిన్నని చువ్వతో అక్కడికి సూది తిప్పడం ఎంత నరకమో! మేనత్త ఉంటే అలవోకగా తిప్పి కుట్టేసేది. ఆ మణికట్టు కోసం ప్రాణం కొట్టుకులాడింది, నోరారా తలుచుకున్నాను దాన్ని. ఒక కుట్టు తప్పింది. విప్పి మళ్ళీ వేశాను. భుజాలు పడిపోతున్నాయి, ఎస్తేరు కెమెరా పట్టుకున్న చెయ్యి మార్చకుండా నిలబడింది. లోపలి పొర, మధ్య పొర, పై పొర. ఆఖరి ముడి బిగించి లాగి చూశాను. ఊడలేదు. గడ్డల్ని ప్లాస్టిక్ తిత్తిలో వేసి లోపలే ముక్కలు చేసి రంధ్రంలోంచి తీశాం. ఫజల్ సైగ చేశాక, చక్రం పూర్తిగా ఆగాక, అప్పుడు చెప్పాం బంతికి లేవమని. ఎవరూ లేవలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నారు.

భూమివాళ్ళకి నా జవాబు ఇదే. కళ్ళున్నంతసేపు మేనత్త నాకంటే వంద రెట్లు మేలు. కళ్ళు పోయినప్పుడు చువ్వలు మేలు. మేనత్తకి తిరిగే నేల నేర్పండి, దాని చేతికి తాకితే తెలిసే గుణం కూడా నేర్పండి, తొందరగా నేర్పండి. అప్పటిదాకా నేను దోసకాయలు కుడుతుంటాను.

సాయంత్రానికి స్వరూపకి మెలకువ వచ్చింది. బీపీ నిలబడింది, మొహంలో కాస్త రంగు తిరిగింది. తలుపు దగ్గర అప్పలస్వామి గారు, లోపలికి రావడానికి మొహం చెల్లక నిలబడి ఉన్నారు. మంచం పక్కన కొమురయ్య. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది, ఏదో చెప్పాలని పెదవులు కదుపుతున్నాడు, ఒక్క అక్షరం బయటికి రావడం లేదు. స్వరూప అతని మొహం చూసింది. ఆ మొహమంతా ఏడ్చిన గుర్తులు. ఆమెకి ఇంకోలా అర్థమైంది. దుప్పటి కిందనుంచి చెయ్యి మెల్లగా పొత్తికడుపు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. నన్ను చూడకుండా పైకప్పుని చూస్తూ అడిగింది.

"తీసేసిన్రా?"

"లేదు స్వరూపా," అన్నాను. "ఉంది. నీ సంచి నీకే ఉంది."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. చెయ్యి మాత్రం పొత్తికడుపు మీదినుంచి తియ్యలేదు.